కోదండపాణిగారి చిల్లులో ఏముంది?

తుమ్మలగుట్ట మీది టెలిస్కోపు ఆకాశంలో ఏమీ లేని చోటు చూస్తూ కాలక్షేపం చేస్తోందని ఎవడో పైవాళ్లకు చేరవేశాడు. ఎవడో ఇప్పటికీ తెలీదు. వాడి నోట్లో మన్నుపడ అని డాక్టర్ వకుళ రోజూ పొద్దున్నే కాఫీతోపాటు ఓ తిట్టు తిట్టుకునేది. తిట్టి ఏం లాభం? సర్క్యులర్ రానే వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయునది ఏమనగా, ప్రజాధనముతో సమకూర్చుకొన్న ఏ పరికరమైనను, పరికరములోని ఏ భాగమైనను, ఏ సమయమందైనను శూన్యమును వీక్షించుట నిషిద్ధము. అటుల వీక్షించినచో సంబంధిత అధికారి వ్యక్తిగత బాధ్యత వహించవలెను."

చదివి వకుళ మొదట నవ్వింది. ఎవరైనా నవ్వుతారు. రెండోసారి చదివాక నవ్వాగిపోయింది. సంబంధిత అధికారి అన్నచోట పైన పెన్నుతో ఆమె పేరే రాసి ఉంది.

తుమ్మలగుట్ట వేధశాలలో జరిగేది అర్థం చేసుకోలేని బ్రహ్మవిద్యేం కాదు. టెలిస్కోపు అడుగున బండి చక్రమంత అల్యూమినియం పళ్లెం ఒకటి బిగిస్తారు. ఆ పళ్లేనికి నాలుగు వందల చిల్లులుంటాయి. ఆకాశంలో ఏ వస్తువు వెలుతురు పళ్లెం మీద ఎక్కడ పడుతుందో లెక్కగట్టి సరిగ్గా అక్కడే చిల్లు పొడిపిస్తారు. ఒక్కో చిల్లులో వెంట్రుకంత గాజు పోగు, అదే ఫైబర్, దూరుస్తారు. ఆ ఫైబర్లన్నీ వెలుతురును పట్టుకుపోయి కింది గదిలోని యంత్రంలో పోస్తాయి. యంత్రం దాన్ని రంగులు రంగులుగా విడదీసి ఆరబెడుతుంది. ఒక్కో రాత్రి ఒక్కో వస్తువును చూసుకుంటూ కూర్చునే బాధ లేకుండా ఒకేసారి నాలుగు వందలన్నమాట. ఎండవేళ చల్లటి గదిలో కూర్చుని ఆ ఫైబర్లను చేత్తో దూర్చే పని ఇంజనీరు దస్తగిరిది.

వకుళ వెతికేది క్వాసర్లను. మన ఊహకందనంత దూరంలో ఏ గెలాక్సీ నడిబొడ్డునో ఒక పెద్ద కృష్ణబిలం కూర్చుని చుట్టూ ఉన్నదాన్నల్లా మింగుతూ ఉంటుంది. ఆ మింగుడులో పుట్టే వెలుగే క్వాసర్. అక్కణ్ణించి బయల్దేరిన వెలుతురు కోట్ల కోట్ల ఏళ్లు నడిచి నడిచి తుమ్మలగుట్టకు చేరేసరికి దాని దగ్గర ఓపికేం మిగలదు. పైగా మన ఆకాశానికే సొంతంగా కొంత మినుకుమినుకు ఉంటుంది. కింద టౌన్లో దీపాలది కొంత, పైన గాలిది కొంత. అది తీసేస్తేగాని అసలు సరుకు తేలదు. అందుకని మూడు వందల అరవై ఫైబర్లు క్వాసర్ల మీద పెట్టి, నలభై ఫైబర్లు ఏమీ లేని చోట పెట్టేవాళ్లు. ఖాళీ ఆకాశం ఎంత వెలుగుతోందో అవి చెబుతాయి. ఆ లెక్క మిగతావాటిలోంచి కొట్టేస్తారు. ప్రపంచంలో ఎక్కడైనా అంతే.

ఆ నలభై మీదే పడింది పైవాళ్ల కన్ను.

వకుళది కాంట్రాక్టు ఉద్యోగం. మూడేళ్లు కళ్లు కాయలు కాచేలా ఆకాశాన్ని ముక్కముక్కగా చూసుకుంటూ ఆఖరి ముక్క దాకా వచ్చింది. ఆ ముక్క ఎండాకాలంలోనే బాగా కనబడుతుంది. వానలు పడ్డాయంటే మళ్లీ ఏడాది దాకా దాని మొహం కనబడదు. ఈ ఏడు గనక తప్పిపోతే పథకం మూసేస్తామని ముందే రాసిచ్చారు. పథకంతోపాటు ఆమె ఉద్యోగం కూడా. అయినా ఉద్యోగం పోతుందన్న దిగులు కన్నా, ఆ ఆఖరి ముక్క చూడకుండా పోతానేమోనన్న దిగులే ఆ పిల్లకు ఎక్కువ. వంటంతా వండి తాళింపు పెట్టకుండా లేచిపోయినట్టుంటుంది మరి.

సర్క్యులర్ వచ్చిన వారానికే సద్వినియోగ కమిటీ ముందు హాజరు కమ్మన్నారు. కమిటీ ఛైర్మన్ వామనమూర్తిగారు. ఆయన సర్వీసంతా గిడ్డంగుల శాఖలో గడిచింది. ఖాళీ గోడౌను కంటపడితే ఆయనకు అన్నం సయించేది కాదట. పక్కన వేధశాల డైరెక్టరు మార్కండేయులుగారు కూర్చున్నారు. ఈయన టెలిస్కోపులోంచి చివరిసారి చూసింది ప్రారంభోత్సవం నాడు. అదైనా మూత తియ్యకముందు చూసి, అద్భుతం అన్నారు.

"ఈ నలభై ఫైబర్లు ఏం చేస్తున్నాయమ్మా?" అన్నారు ఛైర్మన్.

"ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నాయండి."

"అంటే ఏమీ చూడట్లేదన్నమాట."

"కాదండి. ఏమీ లేనిచోటు చూస్తున్నాయి. అది వేరు."

"ఆ వేరు ఏమిటో సభకు విశదపరచండి."

వకుళ ఎంతో ఓపిగ్గా చెప్పింది. గాలి వెలుతురు, దీపాల వెలుతురు, తీసివేత. సభ్యులకు ఒక్క ముక్కా ఎక్కలేదు. చివరికి, "నెయ్యి కొనేటప్పుడు ముందు ఖాళీ గిన్నె తూస్తాం కదండీ. గిన్నె బరువు తీసేస్తేనే కదా నెయ్యెంతో తెలిసేది!" అంది.

వామనమూర్తిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గిన్నె ఎందుకు ఖాళీగా ఉంది?"

"తూకం కోసమండీ."

"అందులో కూడా నెయ్యి పోయించండి."

"అప్పుడు తూకం తెలీదండీ!"

"తూకం సంగతి తర్వాత. పదో వంతు గిన్నెలు బోర్లించుకుని కూర్చుంటే వ్యవస్థ ముందడుగు వేసేదెలా? మా రోజుల్లో ఒక్క గోడౌను ఖాళీగా ఉంటే బస్తాల్లో ఊకైనా నింపి పెట్టేవాళ్లం. తనిఖీకి వచ్చినవాడు నిండుగా ఉంది అని రాసిపోయేవాడు."

సభ్యులంతా బల్లలు చరిచారు. మార్కండేయులుగారు అందరికంటే గట్టిగా చరిచారు. తీర్మానం అక్కడికక్కడే రాసేశారు: "నలుబది ఫైబర్లకును తగిన లక్ష్యములు కేటాయించి, సదరు లక్ష్యముల పేర్లతో సహా సమర్పించవలెను. పేరులేని లక్ష్యము లక్ష్యముగా పరిగణింపబడదు."

గుట్టకు తిరిగొచ్చిన వకుళ మొహం చూసి దస్తగిరి టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, తీర్మానం కాగితం తీసుకుని చదివాడు. ప్రొద్దుటూరు పక్క పుట్టినవాడు, దేనికీ తొందరపడే మనిషి కాదు.

"ఏం మేడం, వీళ్లకు కావాల్సింది పేరే గదా?"

"పేరే. ఖాళీ ఆకాశం అని రాస్తే ఒప్పుకోరట."

"ఇంకేమి మల్ల! పేర్లకేం కరువా మనకు? కింద సంతకాలు పెట్టినోళ్లు ఇంతమంది లేరా?"

వకుళ పకపకా నవ్వింది. వారం రోజుల్లో నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూనే కంప్యూటరు ముందు కూర్చుంది. ఒళ్లు మండి ఉందేమో, ఒక్క పేరు కూడా వదల్లేదు. మొదటి ఖాళీ చోటికి వామనమూర్తిగారి పేరు. రెండో ఖాళీకి మార్కండేయులుగారి పేరు. మిగతా ముప్ఫై ఎనిమిదికీ కమిటీ సభ్యులూ, వాళ్లు చాలకపోతే సెక్రటేరియట్ డైరీలోంచి కంటికి కనిపించిన కార్యదర్శులూ. మహా అయితే తిడతారు, తిడితే తిట్టనీ అనుకుని పంపేసింది. ఆ పేర్లతోనే పళ్లెం కూడా తయారైపోయింది.

మర్నాడు ఫోన్ మోగింది. వామనమూర్తిగారే.

"అమ్మా వకుళా," అన్నారు. "ముప్ఫై ఆరేళ్లు సర్వీసు చేశాను. ఒక్క గోడౌనుకైనా నా పేరు పెట్టలేదు తల్లీ."

ఆ వారంలోనే సకుటుంబంగా కారులో గుట్టెక్కారు. కొబ్బరికాయ, పూలదండ, పసుపూ కుంకుమా వెంట వచ్చాయి. దస్తగిరి పళ్లెం బల్లమీద పెట్టి సన్నటి పట్టకారుతో ఒక చిల్లు చూపించాడు.

"ఇదా! ఇదేనా నాది?" అని ఆయన వంగి చూశారు. "దీని ఎదురుగా ఏముంటుంది?"

"ఏమీ ఉండదండి," అంది వకుళ.

"ఎంత దూరం దాకా?"

"చూడగలిగినంత దూరం దాకానండి."

"అంత దూరమూ నాదే?"

"మీదేనండి," అంది.

ఆయన భార్య చిల్లుకు బొట్టు పెట్టింది. కుంకుమ లోపలికి పోయి చిల్లు పూడిపోయింది. దస్తగిరి సాయంత్రందాకా సూదితో గీకి తీశాడు. కానీ ఫొటోలు బాగా వచ్చాయి. పేపర్లో కూడా పడ్డాయి. అదే కొంప ముంచింది.

ఇక చూడండి. గుట్ట మీదికి ఎన్నడూ రాని మనుషులు రావడం మొదలుపెట్టారు. మాకూ ఒక చిల్లు కావాలన్నారు. పదవిలో ఉన్నవాళ్లు వచ్చారు, దిగిపోయినవాళ్లు వచ్చారు, ఎక్కబోతున్నవాళ్లు వచ్చారు. నలభై చిల్లులకూ అప్పటికే పేర్లు ఎక్కేశాయి. ఖాళీ లేదని చెబితే, "ఖాళీ ఆకాశంలో ఖాళీ లేకపోవడమేమిటమ్మా!" అని ఒకాయన గయ్‌మన్నాడు. నిజానికి ఆయన మాటలో తప్పేం లేదు. ఖాళీకి కొదవ లేదు. కొదవల్లా ఫైబర్లకే.

అప్పుడు మార్కండేయులుగారు వకుళను గదికి పిలిచారు.

"చూడమ్మా. శాస్త్రం ఉన్నది ప్రజల కోసం. ప్రజలంటే ఎవరు? ప్రజాప్రతినిధులు. ఓ పాతిక క్వాసర్లు తప్పించి వీరికి సర్దుబాటు చేద్దాం."

"సార్, పళ్లెం పొడిపించడం అయిపోయింది. ఈ అమావాస్యకు వాడాలి."

"కొత్త పళ్లెం పొడిపిద్దాం."

"అమావాస్య దాటిపోతుంది సార్."

"అమావాస్య ప్రతి నెలా వస్తుంది. క్వాసరు వెయ్యి కోట్ల ఏళ్ల నించీ అక్కడే ఉందని మీరే అంటారు. ఎక్కడికి పోతుందమ్మా? వీరి పదవీకాలం అలా కాదు కదా!"

పాతిక క్వాసర్లు పోయాయి. ఫిబ్రవరి అమావాస్య కూడా పోయింది. కొత్త పళ్లెం రాకముందే ఇంకో యాభైమంది వచ్చిపడ్డారు. దానికి శూన్య కేటాయింపుల ఉపసంఘం అని ఒకటి వేశారు. వకుళ అందులో సభ్యురాలు కాదు, హాజరీ మాత్రం తప్పనిసరి.

ఉపసంఘం రాద్ధాంతాలు అన్నీ ఇన్నీ కావు. పదవిని బట్టి పళ్లెం నడిమధ్యకు ఎవరు ఎంత దగ్గరగా ఉండాలో రెండు రోజులు వాదించుకున్నారు. ఒక మాజీ ఛైర్మన్‌కు తాజా ఛైర్మన్ పక్కన చిల్లు పడితే, నా శూన్యం మీద ఆయన నీడ పడుతోందని అలిగాడు. ఒకాయనకు ఈశాన్యం మూలే కావాలి. ఆకాశంలో ఈశాన్యమా, పళ్లెంలో ఈశాన్యమా అని అడిగింది వకుళ. రెండూ అన్నాడాయన. ఇంకొకాయన తన ఖాళీకి దగ్గరలో ఒక నక్షత్రం మెరుస్తోందని, పక్కింటివాడి లైటు కంట్లో పడ్డట్టుందని, దాన్ని తొలగించమని అర్జీ పెట్టుకున్నాడు. మీ అర్జీ పరిశీలనలో ఉన్నది అని డైరెక్టరుగారు సంతకం చేసి జవాబిచ్చారు.

పళ్లెం వచ్చినప్పుడల్లా పనికిరాకుండా పోయేది. మార్చి అమావాస్య కూడా పోయింది. క్వాసర్లు మూడు వందలయ్యాయి, నూట ఎనభై అయ్యాయి, నలభై అయ్యాయి. వకుళ రాత్రిళ్లు పడుకుని తన క్వాసర్ల పట్టీ తల్చుకునేది. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని తీసెయ్యాలి అని. ఇంట్లో పెళ్లికి పిలుపులు తగ్గించుకున్నట్టు ఒక్కొక్క పేరూ కొట్టేసుకుంటూ వచ్చింది. ఆఖరి నలభై దగ్గర మాత్రం ఆమెకు ఏడుపొచ్చింది. "ఈ నలభై వదలండి సార్, మీ కాళ్లకు మొక్కుతా," అంది మార్కండేయులుగారితో.

"నాకూ బాధగానే ఉందమ్మా," అన్నారాయన. "కానీ ఈ నలభైకీ పేర్లు లేవు. అంకెలున్నాయంతే. పేరులేని లక్ష్యము లక్ష్యముగా పరిగణింపబడదు. తీర్మానం చూశారుగా."

ఏప్రిల్లో నాలుగు వందల చిల్లులకూ నాలుగు వందలమంది పెద్దలు సరిపోయారు. క్వాసర్ల వాటా సున్నా. పళ్లేనికి శాలువా కప్పి ఊరేగించి మరీ టెలిస్కోపుకు బిగించారు. ఆ అమావాస్య రాత్రి తుమ్మలగుట్ట టెలిస్కోపు తెల్లవార్లూ రెప్పవాల్చకుండా నాలుగు వందల చోట్ల ఏమీ లేనిదాన్ని చూసింది. శూన్య వీక్షణ నిషేధాన్ని ఇంత పకడ్బందీగా అమలుచేసిన కార్యాలయం ఇంకొకటి లేదని వామనమూర్తిగారు ప్రశంసాపత్రం పంపారు.

వకుళ మాత్రం పని పనిగానే చేసింది. అదామె జబ్బు. ఒక్కో ఫైబరు వెలుతురులో ఏ రంగు ఎంతుందో చూపిస్తూ యంత్రం గీసిన నాలుగు వందల గీతల్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. అన్నీ ఒకటే గీత. గాలి వెలుతురు, దీపాల వెలుతురు, అంతే. ప్రతి పెద్దమనిషికీ ధ్రువపత్రం రాసింది: "తమ పేరిట గల లక్ష్యము సంపూర్ణముగా నిర్మలమైనదని, అందు ఆక్షేపణీయమైనది ఏదియు కానరాలేదని ధ్రువీకరించడమైనది." మాటలు డైరెక్టరుగారివి. పెద్దలు దాన్ని పటం కట్టించి హాల్లో వేలాడదీసుకున్నారు.

కోదండపాణి అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గీత వేరేలా ఉంది. ఎర్రరంగు కొసన పెద్ద గుట్ట ఒకటి లేచింది. దాని ఎడమ పక్కన గొడ్డలితో నరికినట్టు ఒక్కసారిగా అంతా ఖాళీ. అలాంటి గుట్ట, అలాంటి నరుకుడు చాలా చాలా దూరపు క్వాసర్‌కే ఉంటుంది. అంత దూరం నించి వచ్చేటప్పటికి వెలుతురంతా ఎరుపులోకి సాగిపోతుంది. అందుకే ఖాళీ చోట్లు ఎంచుకోవడానికి వాడిన పాత ఆకాశం ఫొటోల్లో అక్కడ ఏమీ కనబడలేదు. ఏమీ లేదనుకునే ఆ చోటు కోదండపాణిగారికి రాసిచ్చేశారు. వకుళ లెక్క మూడుసార్లు చేసింది. ఆమె జీవితంలో ఇంత దూరపుదాన్ని చూడలేదు. ఆమె జీవితమేమిటి, ఇంత దూరపువి లోకంలో ఎవరికైనా దొరికినవే తక్కువ.

"దస్తగిరీ!" అని కేకేసింది. అతను పరిగెత్తుకొచ్చాడు. ఆమె తెర చూపించి చేతులు ఊపింది. అతను చూసి, "అబ్బ! ఎంతుంది మేడం!" అన్నాడు. ఇద్దరూ పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు.

ఆ సంతోషంలోనే తప్పు చేసింది. పేపరు విలేఖరి ఒకాయన ధ్రువపత్రాల సంగతి కనుక్కుందామని ఫోన్ చేస్తే, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరిదో ఖాళీలో ఏదో దొరికిందటగా అంటే, అవునండీ, కోదండపాణిగారి దాంట్లో, భారీ కృష్ణబిలం, చుట్టుపక్కల ఉన్నదంతా మింగేస్తోంది, లక్ష కోట్ల సూర్యుల వెలుగు అంది. మర్నాడు మొదటి పేజీలో పడింది: "కోదండపాణి చిల్లులో భారీ బిలం. చుట్టుపక్కలదంతా మింగేస్తున్న వైనం. మిగతా అందరిదీ నిర్మలం."

ఈ కోదండపాణిగారు ఆర్థిక శాఖలో ఉప కార్యదర్శి. నోట్లో నాలుక లేని మనిషి. పాపం, చిల్లు కావాలని అడిగింది కూడా కాదు. డైరీలోంచి వకుళే ఎక్కించింది. మరో నెలలో ఆయనకు ప్రమోషన్ రావాలి. పేపరొచ్చిన రోజే విచారణ వేశారు. విచారణాధికారి వకుళకు ఫోన్ చేసి అడిగింది ఒకటే.

"లక్ష కోట్ల సూర్యుల వెలుగు అని తమరే సెలవిచ్చారు. ఆయన జీతమెంతో మాకు తెలుసు. ఇంత వెలుగు ఆయనకు ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఆ వెలుగు ఆయనది కాదండీ!"

"బినామీనా?"

ఆ మధ్యాహ్నమే కోదండపాణిగారు జీపులో గుట్టెక్కారు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, మీకు నేనేం అపకారం చేశాను? మూడొందల తొంభై తొమ్మిది మందివీ ఖాళీగా ఉంటే, నా ఒక్కడి దాంట్లోనే ఏదో ఉందంటే జనం ఏమనుకుంటారు? మా ఇంట్లో అన్నం తినట్లేదు. మా బావమరిది ఫోన్ చేసి, మింగిందాంట్లో మాకేమైనా ఉందా అని అడిగాడు తల్లీ!"

"అది చాలా గొప్ప విషయమండీ. మీ పేరు మీద..."

"నాకు గొప్ప వద్దు. అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇంత ఖాళీ ఇప్పించండి. అదే పదివేలు."

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వకుళకు గుండె చెరువైంది. తన ఎగతాళికి ఈయన బలైపోయాడే అని మొదటిసారి సిగ్గుపడింది.

ఈలోగా మిగతా పెద్దలకు వణుకు పుట్టింది. కోదండపాణి లాంటివాడి దాంట్లోనే ఇంత బయటపడితే, ఇంకాసేపు తేరిపార చూస్తే మా వాటిల్లో ఏం బయటపడుతుందో అని. అంతే, చిల్లు కావాలని వచ్చినవాళ్లే, మా పేరు తక్షణం తొలగించగలరు అని రాయడం మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో నాలుగు వందల చిల్లులకూ దిక్కూ దివాణం లేకుండా పోయింది. అందరికంటే ముందు వెనక్కి తీసుకున్నది వామనమూర్తిగారే. చూడగలిగినంత దూరమంటే ఆయనకిప్పుడు భయమేస్తోందట.

మే అమావాస్యకు ఇంకా పది రోజులుంది. ఫైబర్లన్నీ ఖాళీ. మొట్టమొదట వకుళ పొడిపించిన పళ్లెం, మూడు వందల అరవై క్వాసర్లదీ, మూల గదిలో అలాగే ఉంది. ఆమెకు ఆశ పుట్టింది. అప్పుడే మార్కండేయులుగారు ఒక కాగితం పట్టుకుని స్వయంగా ఆమె గదికి వచ్చారు. ఆయన ఇంకొకరి గదికి వెళ్లడం అదే మొదలు.

"కమిటీ ఒక పరిష్కారం సూచించిందమ్మా. కోదండపాణిగారి లక్ష్యమును పునఃపరిశీలించగా అందు ఏమియు లేదని తేలినది అని మీరొక సంతకం చెయ్యాలి. కమిటీ ముద్ర ముందే వేసి ఉంచింది. విచారణ ముగిసిపోతుంది."

"అక్కడ క్వాసర్ ఉంది సార్."

"ఉండొచ్చు. దాన్ని ఎవరు ఉండొద్దన్నారు? లేదని మనం అంటున్నాం, అంతే."

"సంతకం చెయ్యకపోతే?"

"విచారణ ముగిసేదాకా టెలిస్కోపు, ఫైబర్లు, యంత్రం అన్నీ సాక్ష్యాలే. సీలు వేస్తారు. విచారణకు ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. చేశారనుకోండి, ఈ అమావాస్య మీది. పేర్లు గీర్లు ఎవరూ అడగరు. మీ నలభై ఖాళీలు కూడా మీవే."

వకుళకు ఒళ్లంతా మంట పుట్టింది. కాగితం చింపి ఆయన మొహాన కొడదామనుకుంది. ఆ గుట్ట, ఆ నరుకుడు ఆమె కళ్లముందే ఉన్నాయి. దాన్ని కనుక్కున్నానని లోకానికి చెబితే ఇంకేం కావాలి? చెప్పకుండా బతకడమెలా? కానీ మూల గదిలో మూడు వందల అరవై ఉన్నాయి. జీపు దిగిన కోదండపాణిగారి చొక్కా ఉంది. అన్నం ముట్టని ఆయన ఇల్లు ఉంది. ఆమె చాలాసేపు ఏడ్చింది, డైరెక్టరుగారి ఎదురుగానే. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆమె ముక్కు తుడుచుకుని సంతకం చేసింది.

చేసి, "సార్, ఒక సంగతి," అంది. "అక్కడ ఏమీ లేదని ఇప్పుడు కమిటీయే ముద్ర వేసింది కదా?"

"వేసింది."

"ఖాళీ అని ప్రభుత్వం ధ్రువీకరించిన చోటు ఆకాశం మొత్తంలో ఇంకొకటి లేదు సార్. నా నలభై ఖాళీల్లో ఒకటి దీన్నే తీసుకోనా? ఉపసంఘం ఆయన చోటు మార్చింది గనక పాత పళ్లేనికి ఈ ఒక్క చిల్లు పొడిస్తే సరిపోతుంది."

మార్కండేయులుగారి మొహం విప్పారింది. "భేష్! శుభ్రంగా తీసుకోండి. ఎవరు అడ్డుచెబుతారు? అంతకంటే ఖాళీ చోటు మనకెక్కడ దొరుకుతుంది!"

మే అమావాస్యకు ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. మూడేళ్ల పని నాలుగు రాత్రుల్లో పూర్తయింది. మూడు వందల అరవైలో ఎన్నో నిజం క్వాసర్లని తేలాయి, కొన్ని కావని తేలాయి. అదీ పనే. కోదండపాణిగారికి ప్రమోషన్ వచ్చింది. ఆయన గుట్టమీదికి స్వీట్లు పంపారు, పేరు రాయకుండా.

వానలు మొదలయ్యాక వామనమూర్తిగారు ఫోన్ చేశారు. పలకరింపులు కూడా లేవు.

"అమ్మా, ఆ చోటు... ఇంకా ఖాళీగానే ఉంది కదా?"

"ఎప్పుడు చూసినా అలాగే ఉందండి."

"మాకు మాత్రం మనశ్శాంతి లేదు. మళ్లీ అందులోకి ఏదైనా వచ్చి చేరితే?"

ఆ మాట మీద కొత్త ఉత్తర్వు వచ్చింది. "సదరు శూన్యమును శాశ్వత నిఘాలో ఉంచవలెను. అందు ఏదియు ప్రవేశింపకుండ ప్రతి సంవత్సరము వీక్షించి, ఏమియు లేదని నివేదిక సమర్పించవలెను. ఇందు నిమిత్తము డాక్టర్ వకుళగారి సేవలను క్రమబద్ధీకరించడమైనది." లేనిదాన్ని చూడటానికి ఆమెకు పర్మనెంటు ఉద్యోగం ఇచ్చారు. ఉన్నదాన్ని చూసినన్నాళ్లూ కాంట్రాక్టే.

మొదటి నివేదిక రాయాల్సిన రోజు బయట వాన దంచికొడుతోంది. వకుళ నాలుగు రాత్రుల వెలుతురునీ కలిపి ఆ చోటి గీతను తెర మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఇప్పుడు గుట్ట మునుపటికన్నా ఎత్తుగా, స్పష్టంగా లేచింది. పక్కన సన్నటి చిన్న చిన్న శిఖరాలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. ఇది నిజమని తనకూ దస్తగిరికీ తప్ప ఎవరికీ తెలీదు. ఇక తెలియనివ్వరు కూడా. ఆమెకు గర్వంగానూ ఉంది, దిగులుగానూ ఉంది.

దస్తగిరి తడిసిన గొడుగు గుమ్మం దగ్గర ఆనించి లోపలికొచ్చాడు. ఆమె వెనకాల నిలబడ్డాడు.

"ఏముంది మేడం?"

"ఏమీ లేదు దస్తగిరీ," అంది వకుళ పక్కకు జరిగి చోటిస్తూ. "ఎంత బాగుందో చూడు."